సగం వాడిన సిలికాన్ ట్యూబు నెలల తరబడి పాడవకుండా దాచుకునే పద్ధతి

వాష్ బేసిన్‌కూ గోడకూ మధ్య మూరెడు సందు. దాన్ని మూయడానికి 280 మిల్లీలీటర్ల సిలికాన్ ట్యూబు ఒకటి, నొక్కే గన్ ఒకటి కొనుక్కొచ్చాం. పని పావుగంటలో అయిపోయింది. ట్యూబులో ముప్పాతిక వంతు అలాగే మిగిలింది. ట్యూబు కొసన బిగించే ప్లాస్టిక్ ముక్కును (నాజిల్) గుడ్డతో శుభ్రంగా తుడిచి, మూత పెట్టి, వంటగది సజ్జ మీద పెట్టేశాం. మూడు నెలల తర్వాత ఒక రాత్రి ఈదురుగాలితో వాన కొట్టి, కిటికీ ఫ్రేము పక్క నుంచి నీళ్లు కారాయి. తెల్లారి తెరిపిచ్చాక ఫ్రేము తుడిచి, ఆరబెట్టి, ట్యూబు దించాం. ఆదివారం, షాపులు లేవు. గన్ ఎంత నొక్కినా చుక్క రాలేదు. ఇంకాస్త బలం పెడితే ట్యూబు వెనక ఉండే బిళ్ల, అంటే పిస్టన్, అంచుల నుంచి తెల్లటి ముద్ద కక్కింది. ముందువైపు ముక్కు మొత్తం రబ్బరు కడ్డీ అయిపోయి ఉంది.

మాది విశాఖ. సముద్రపు గాలికి ఉప్పు డబ్బాలోనే నీరు చేరే ఊరు. ఇలాంటి చోట ట్యూబు దాచడం వస్తే ఎక్కడైనా వచ్చినట్టే. ఆ తర్వాత చాలా ట్యూబులు పాడుచేశాను, కొన్ని కాపాడాను. వానాకాలం మొదట్లో తెరిచిన ట్యూబును సంక్రాంతి ముందు ఇల్లు సర్దేటప్పుడు మళ్లీ తీసి, కొత్తదానిలాగే వాడుకున్నాను. ఎలాగో వరసగా చెబుతాను.

ముందు ఇది తేల్చుకోండి: మీ ట్యూబు దేనివల్ల గట్టిపడుతుంది?

ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు ఆరడం అందరికీ తెలుసు. అందులోని నీరు బయటికి పోతుంది, జిగురు మిగులుతుంది. సిలికాన్ కూడా అలాగే ఆరుతుందని అనుకుంటాం. అసలు పొరపాటు అక్కడే. సిలికాన్ ఆరదు. గాలిలోని తేమను లోపలికి తీసుకుని, ఆ తేమతో కలిసి రబ్బరుగా మారుతుంది. పూసినప్పుడు గుప్పుమనే వెనిగర్ వాసన ఆ మార్పులో విడుదలయ్యే ఎసిటిక్ ఆమ్లానిది. ఆ వాసన వస్తోందంటే లోపల పని జరుగుతున్నట్టే.

కాబట్టి ముక్కుకు తడిగుడ్డ చుట్టడం, ట్యూబును నీళ్ల మగ్గులో నిలబెట్టడం లాంటివి సిలికాన్‌ను కాపాడవు, ఇంకా త్వరగా చంపుతాయి. మేమూ ఒకసారి తడిగుడ్డే చుట్టాం. ఆవకాయ జాడీకి మనం తీసుకునే జాగ్రత్త గుర్తుతెచ్చుకోండి. తడి గరిటె పెట్టం, తడిచేత్తో మూత తీయం, పైన వాసెన కడతాం. సిలికాన్‌కూ అదే మడి కావాలి.

అయితే సందులు మూసే ఇలాంటి ముద్దలు, అంటే సీలెంట్లు, అన్నీ ఒకటి కాదు. ట్యూబు మీద ఏం రాసుందో చదవండి.

ఎసిటాక్సీ సిలికాన్ అంటే వెనిగర్ వాసన వచ్చేది. కిటికీ గాజుకు, టైల్స్‌కు ఎక్కువగా వాడేది ఇదే. న్యూట్రల్ సిలికాన్‌కు ఆ పుల్లటి వాసన ఉండదు, మార్బుల్‌కూ లోహాలకూ అది మంచిది. ఈ రెండూ తేమతోనే గట్టిపడతాయి. హైబ్రిడ్ లేదా ఎంఎస్ పాలిమర్ అని రాసినవీ అంతే. పీయూ, అంటే పాలీయురెథేన్, కూడా తేమతోనే గట్టిపడుతుంది కానీ దాన్ని దాచడం వీటన్నిటికంటే కష్టం. అక్రిలిక్ ఒక్కటే వేరు. గోడ పగుళ్లలో నింపి పైన రంగు వేసుకునే ఈ రకంలో నీరుంటుంది, ఆ నీరు పోతే ఆరుతుంది. అక్రిలిక్‌లోంచి తేమ బయటికి పోనివ్వకూడదు. మిగతావాటిలోకి తేమ రానివ్వకూడదు. రెంటికీ గట్టి మూతే కావాలి. తడిగుడ్డ మాత్రం అక్రిలిక్‌కు మేలు, సిలికాన్‌కు కీడు.

ముక్కులో ఏం జరుగుతుంది

సిలికాన్ బయటి నుంచి లోపలికి గట్టిపడుతుంది. పూసిన పది ఇరవై నిమిషాల్లో పైన పొర కడుతుంది. మొదటి 24 గంటల్లో సుమారు 2, 3 మి.మీ. లోతు గట్టిపడుతుంది. ఆ తర్వాత తేమ లోపలికి చేరాలంటే గట్టిపడిన ఆ పొరను దాటి రావాలి. పొర మందమవుతున్న కొద్దీ వేగం తగ్గిపోతుంది. లెక్క ఎలా ఉంటుందంటే, రెండింతల లోతు గట్టిపడటానికి రెండింతల కాలం చాలదు, నాలుగింతలు పడుతుంది. మొదటి రోజు 3 మి.మీ. అయితే, 6 మి.మీ.కి నాలుగు రోజులు, 30 మి.మీ.కి సుమారు వంద రోజులు.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, ముక్కులో గట్టిపడిన సిలికానే వెనక ఉన్నదానికి బిరడా అవుతుంది. అది శత్రువు కాదు, కాపలా. రెండు, పొడవాటి ముక్కు ఉన్నది మన అదృష్టం. గట్టిపడటం ముక్కు దాటి, ముక్కును బిగించే ట్యూబు మెడ దగ్గరికి వచ్చేలోపు మనకు వారాల గడువుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ముక్కు పలచటి ప్లాస్టిక్. కొసను ఎంత గట్టిగా మూసినా, నెలల మీద ఆ ప్లాస్టిక్ గోడల్లోంచి కూడా కొద్దికొద్దిగా తేమ దిగుతుంది. అందుకే కొసకు మాత్రమే టేపు చుట్టి పెట్టిన ట్యూబు కూడా కొన్నాళ్లకు ముక్కు నిండా గట్టిపడి కనిపిస్తుంది. కొద్దిరోజులకైతే కొస మూస్తే చాలు. నెలలకైతే మెడ దగ్గర మూయాలి. ఈ వ్యాసం మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఈ మాట గుర్తుంచుకోండి.

తెరిచేటప్పుడే దాచడం మొదలవుతుంది

కొత్త ట్యూబు మెడ పైభాగం మూసి ఉంటుంది, దాన్ని బ్లేడుతో కోయాలి. ఐమూలగా కాకుండా అడ్డంగా, సమంగా కోయండి. పని అయ్యాక మూతగా పెట్టే కవరు ముక్క కూర్చోబోయేది దీని మీదే. బ్లేడు మీ చేతి వైపు కాకుండా అవతలికి నడవాలి. మరలు తెగకుండా చూసుకోండి.

ముక్కును మాత్రం కొస దగ్గర ఐమూలగా, సన్నగా కోయండి. 4, 5 మి.మీ. రంధ్రం ఇంట్లో చాలా పనులకు సరిపోతుంది. చాలామంది నొక్కడం తేలికవుతుందని సగం ముక్కు కోసేస్తారు. రంధ్రం పెద్దదైతే గీత లావుగా వస్తుంది, మెటీరియల్ వృథా, తేమ దిగే దారీ పెద్దదే.

ఎంత మిగులుతుందో ముందే తెలిస్తే మంచిది. 5 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. లోతు ఉన్న సందును నింపితే 280 మిల్లీలీటర్ల ట్యూబు సుమారు 11 మీటర్లు వస్తుంది. బేసిన్ వెనక అర మీటరు, గ్రానైట్ ప్లాట్‌ఫాం వెనక మూడు మీటర్లు కలిపినా సగం కంటే ఎక్కువ మిగులుతుంది. చిన్న పనులన్నీ ఒక జాబితా రాసుకుని ఒకే రోజు చేసుకుంటే దాచే బాధే తగ్గుతుంది. చిటికెడు పనికైతే చేత్తో పిండే చిన్న ట్యూబు కొనుక్కోండి.

గన్ పట్టుకునే ముందే ఇవి పక్కన పెట్టుకోండి: వంటగదిలో వాడే అల్యూమినియం ఫాయిల్, కడిగి పూర్తిగా ఆరబెట్టిన పాల ప్యాకెట్ కవరు, కరెంటు పనికి వాడే ఇన్సులేషన్ టేపు, రబ్బరు బ్యాండ్లు, మార్కర్ పెన్ను, రెండు జిప్ కవర్లు, పాత పేపర్లు. పని అయ్యాక వేళ్లకు సిలికాన్ అంటుకుని ఉంటుంది. అప్పుడు టేపు కోసం అలమర అంతా వెతకాల్సి వస్తే అలమరకూ పూస్తాం. నేను పూశాను. ఇప్పటికీ ఆ తలుపు మీద మరక ఉంది.

పని మధ్యలో ఆగాల్సి వస్తే

గన్ వెనక ఒక చిన్న రేకు మీట ఉంటుంది. దాన్ని బొటనవేలితో నొక్కితే లోపలి ఒత్తిడి పోతుంది. నొక్కకుండా గన్ కింద పెడితే మెటీరియల్ తనంతట తానే కారుతూ ఉంటుంది. ఫోన్ వచ్చినా, టీ తాగాలన్నా ముందు మీట.

ఇక ముక్కు తుడవకండి. ఈ మాట నాకు నేర్పింది మా ఇంటికి అల్యూమినియం కిటికీలు బిగించడానికి వచ్చిన కుర్రాడు. నేను గుడ్డ పట్టుకుని వెళ్తుంటే, “వద్దమ్మా, ముక్కు తుడవకండి. కాస్త బయటికి వదిలెయ్యండి, అదే దానికి మూత” అన్నాడు. మధ్యాహ్నం భోజనానికి వెళ్లేముందు కొస నుంచి వేలి కణుపంత సిలికాన్ బయటికి నొక్కి వదిలేశాడు. గంటన్నర తర్వాత వచ్చి, ఆ తోకను రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగితే పైపొరతో సహా ఊడివచ్చింది. వెనకే మెత్తటి సిలికాన్ వచ్చింది. అంతే.

తుడిచేస్తే ఏమవుతుంది? రంధ్రం లోపల, వేళ్లకు అందని చోట గట్టిపడుతుంది. తోక వదిలితే పట్టుకోవడానికి పిడి ఉంటుంది.

ఒకటి రెండు వారాలకైతే

తోక పద్ధతే, కాకపోతే మరికొంచెం జాగ్రత్తగా. మీట నొక్కండి, కొస బయట ఒకటిన్నర రెండు సెంటీమీటర్ల తోక వదలండి. ఫాయిల్‌ను రెండు మడతలు వేసి, కొస నుంచి ముక్కు అడుగు దాకా మొత్తం కప్పి, చేత్తో నొక్కి అంటించండి. దాని మీద ఇన్సులేషన్ టేపును సాగదీస్తూ, అడుగు నుంచి కొస దాకా చుట్టండి. ఫాయిల్ లోంచి తేమ దాటదు, టేపు దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. కొస దగ్గర మాత్రమే చుట్టి వదిలేస్తే పని సగమే అయినట్టు. కారణం పైన చెప్పాను.

తోక బదులు స్క్రూ కూడా బిగించవచ్చు. ముక్కు రంధ్రంలో పట్టేంత లావు, రెండంగుళాల పొడవు ఉండే, మరలు దూరదూరంగా ఉన్న స్క్రూ తీసుకుని చేత్తో తిప్పుతూ దించండి. తర్వాత లాగితే మరలకు పట్టుకుని గట్టిపడిన బిరడా మొత్తం బయటికి వస్తుంది. మేకు వద్దు. నునుపుగా ఉంటుంది కాబట్టి మేకు ఒక్కటే వస్తుంది, బిరడా లోపలే ఉంటుంది. పైగా వెనిగర్ వాసన వచ్చే రకం ఇనుమును తుప్పు పట్టిస్తుంది. తెల్ల సిలికాన్‌లో ఆ తుప్పు రంగు దిగితే మొదటి జానెడు గీత గోధుమరంగులో వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూ అయితే ఈ బాధ లేదు.

నెలల తరబడి దాచాలంటే

పది నిమిషాల పని ఇది. తొందరపడకుండా చేయండి.

1. మీట నొక్కి, గన్ కడ్డీని పూర్తిగా వెనక్కి లాగి, ట్యూబు బయటికి తీయండి. కారడం ఆగేదాకా పాత పేపరు మీద పెట్టండి.

2. ముక్కును ఎడమవైపు తిప్పి ఊడదీయండి. లోపలి సిలికాన్‌ను కడగకండి, గీకకండి, అలాగే పక్కన పెట్టండి. దాని సంగతి తర్వాత చెబుతాను.

3. ట్యూబును నిలబెట్టి, వెనక పిస్టన్‌ను ఏదైనా కర్రతో కొంచెం లోపలికి నొక్కండి. మెడలో సిలికాన్ అంచు దాకా వచ్చి, కొద్దిగా ఉబ్బెత్తుగా కనిపించాలి. లోపల గాలి మిగిలితే ఆ గాలిలో తేమ ఉంటుంది. ఆ కాస్త ఉబ్బు గాలిని బయటికి నెట్టేయడానికే.

4. మెడ బయటి మరలను పొడిగుడ్డతో తుడవండి. మరల మీద సిలికాన్ గట్టిపడితే మూత తర్వాత తిరగదు.

5. నాలుగు సెంటీమీటర్ల చదరం ఫాయిల్ ముక్క, దానిపైన అంతే పాల ప్యాకెట్ ముక్క తీసుకోండి. ఫాయిల్ కిందికి ఉండాలి. మెడ మీద పెట్టి, మధ్య నుంచి అంచులకు వేలితో నొక్కండి. ఉబ్బెత్తు సిలికాన్ ఫాయిల్‌కు అంటుకుని సమంగా పరుచుకుంటుంది, గాలి బుడగ ఉండదు. అంచులు మరల మీదికి మడవండి.

6. ఇంకో ముక్కు ఉంటే దాన్ని పైన బిగించండి. హార్డ్‌వేర్ షాపులో అడిగితే విడి ముక్కులు దొరుకుతాయి, కొనేటప్పుడే రెండు తెచ్చుకోండి. తిప్పేటప్పుడు ఫాయిల్ చిరుగుతుందనే దాని పైన పాల ప్యాకెట్ కవరు వేశాం. అది మందంగా ఉంటుంది, సాగుతుంది, తట్టుకుంటుంది. విడి ముక్కు లేకపోతే మెడ చుట్టూ రబ్బరు బ్యాండు రెండు మూడు చుట్లు వేసి, పైన టేపు లాగి చుట్టండి. జాడీకి వాసెన కట్టినట్టే.

7. ట్యూబు వెనకవైపు మర్చిపోకండి. పిస్టన్ అంచుల చుట్టూ సన్నటి సందు ఉంటుంది, అక్కడి నుంచీ తేమ లోపలికి పోతుంది. పిస్టన్ వెనక ఖాళీని ఫాయిల్‌తో కప్పి, చుట్టూ టేపు వేయండి. ముందుభాగం మెత్తగానే ఉండి పిస్టన్ కదలకుండా బిగుసుకుపోయిన ట్యూబు చూశారా? అది ఇదే జబ్బు.

8. ట్యూబు మీద మార్కర్‌తో తెరిచిన తేదీ, రకం, రంగు రాయండి. రకం రాయడం చిన్న విషయం కాదు. ఎసిటాక్సీ రకాన్ని పొరపాటున మార్బుల్ అంచుకు పూస్తే రాయి మీద మచ్చ పడుతుంది. ముఖం చూసుకునే అద్దం వెనక పూస్తే పాదరసం పూత అని మనం పిలిచే వెండి పూత చెడుతుంది. ఆర్నెల్ల తర్వాత లేబుల్ చిరిగిపోయి ఉంటే ఏది ఏదో మీకు గుర్తుండదు.

9. జిప్ కవర్లో పెట్టి, సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, గాలంతా చేత్తో అదిమి బయటికి పంపి, జిప్ మూయండి. దాన్ని ఇంకో జిప్ కవర్లో పెట్టండి.

సిలికా జెల్ అంటే కొత్త చెప్పుల పెట్టెల్లో, బ్యాగుల్లో వచ్చే చిన్న తెల్ల పొట్లాలు. పెట్టె తెరిచిన వెంటనే తీసి గాలి దూరని సీసాలో దాచినవే పనికొస్తాయి. డ్రాయర్లో ఏడాదిగా పడి ఉన్నవి అప్పటికే తేమ నిండా తాగేసి ఉంటాయి. పిల్లలకు అందనివ్వకండి. వాటి బదులు బియ్యం మూట పెడదామని కొందరికి తోస్తుంది. బియ్యంలోనే 12 నుంచి 14 శాతం దాకా తేమ ఉంటుంది. అది సిలికాన్‌ను ఏం పొడిగా ఉంచుతుంది?

ఇక పక్కన పెట్టిన ముక్కు సంగతి. రెండు మూడు వారాలు దాన్ని అలాగే వదిలేయండి. లోపలి సిలికాన్ పూర్తిగా రబ్బరైపోతుంది. సిలికాన్ ఈ రకం ప్లాస్టిక్‌కు గట్టిగా అంటుకోదు. వెడల్పు వైపు నుంచి కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని నెమ్మదిగా లాగితే, అచ్చులోంచి కుల్ఫీ వచ్చినట్టు పొడవాటి తెల్లటి కోను ఒక్క ముక్కగా బయటికి వస్తుంది. లోపల అద్దంలా శుభ్రంగా ఉంటుంది. మొదటిసారి అలా వచ్చినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి ముక్కులు కడగడం మానేశాను.

ఎక్కడ పెట్టాలి

సజ్జ మీద మాత్రం వద్దు. పై అంతస్తు ఇళ్లలో సజ్జ శ్లాబుకు అంగుళాల దూరంలో ఉంటుంది. మే నెలలో శ్లాబు వేడి అంతా అక్కడికే దిగుతుంది. చాలా ట్యూబుల మీద 25 లేదా 30 డిగ్రీల లోపు పెట్టమని రాసి ఉంటుంది. రెంటచింతల, రామగుండం వైపు వేసవి తెలిసినవాళ్లకు ఆ అంకె చూస్తే దిగులే. అయినా ఇంట్లో చల్లటి చోటు ఒకటి ఉంటుంది: మధ్య గదిలో, ఎండ తగలని గోడ పక్కన, అలమర అట్టడుగు అర. బాత్రూం బేసిన్ కింద అర, బాల్కనీ, స్కూటర్ డిక్కీ, కారు వెనక ఇవేవీ పనికిరావు. మొదటి దాంట్లో తేమ, మిగతావాటిలో వేడి.

ఫ్రిజ్‌లో పెట్టవచ్చా అని అడుగుతారు. చలికి గట్టిపడటం నెమ్మదిస్తుంది, నిజమే. కానీ చల్లటి ట్యూబు బయటికి తీసి వెంటనే తెరిస్తే, చల్లటి చెంబుకు చెమట పట్టినట్టు దానికి చెమట పడుతుంది. ఆ నీరే లోపలికి పోతుంది. పైగా అన్నం, పెరుగు ఉండే చోట రసాయనాలు పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అక్రిలిక్ అయితే గడ్డకట్టే చలికి పాడైపోతుంది కూడా. జిప్ కవరూ అట్టడుగు అరా చాలు.

మళ్లీ తెరిచేటప్పుడు

పూయబోయే సందును ముందే శుభ్రం చేసి, ఆరబెట్టి, ఆ తర్వాతే ట్యూబు తెరవండి. మెడ మీద ఫాయిల్ తీస్తే దానికి అంటుకుని పలచటి పొర ఒకటి వస్తుంది, అది మామూలే. మెడలో చిన్న రబ్బరు బిళ్ల కనిపిస్తే స్క్రూడ్రైవర్ మొనతో అంచు నుంచి లేపి లాగేయండి. ముక్కలుముక్కలుగా చేసి లోపలికి తోయకండి, అవి తర్వాత ముక్కు కొసలో అడ్డం పడతాయి.

గన్ మామూలుగా నొక్కితే రాకపోతే బలం పెట్టకండి, మా ఇంట్లో జరిగినట్టు వెనక నుంచి కక్కుతుంది. అడ్డం ఎక్కడుందో చూడండి. ముక్కులో అయితే కొత్త ముక్కు వేస్తే సరి. మెడలో అయితే పొడవాటి స్క్రూ దించి లాగండి. రెండూ కాకపోతే పిస్టన్ బిగుసుకుపోయి ఉంటుంది.

వచ్చింది కదా అని నేరుగా గోడకు పూయవద్దు. ముందు పాత టైల్ ముక్క మీద శనగగింజంత పెట్టి చూడండి. ముద్ద నునుపుగా, గడ్డలు లేకుండా ఉండాలి. అరగంటలో పొర కట్టాలి. మర్నాడు గోటితో లాగితే రబ్బరులా సాగాలి, టైల్‌కు పట్టుకుని ఉండాలి. గడువు బాగా దాటిన సిలికాన్‌లో తమాషా ఏమిటంటే, కొన్నిసార్లు అది గట్టిపడటమే మానేస్తుంది. చూడటానికి మెత్తగా, బ్రహ్మాండంగా ఉంటుంది. పూస్తే వారమైనా జిగటగానే ఉండిపోతుంది, దుమ్మంతా పట్టుకుంటుంది. దాన్ని గీకి తీయడం నరకం. ఒక్కరోజు పరీక్షతో ఆ టెన్షన్ తప్పుతుంది.

ట్యూబు మీద గడువు తయారైన తేదీ నుంచి లెక్క, మీరు కొన్నప్పటి నుంచి కాదు. చాలా రకాలకు అది తెరవకుండా ఉంచితేనే ఏడాది, ఏడాదిన్నర. షాపులో ఎండ తగిలే అద్దాల దగ్గర పేర్చినవి కాకుండా లోపలి నుంచి ఇవ్వమని అడగండి, తేదీ చూసుకుని కొనండి.

మిగతా రకాలు

చేత్తో పిండే చిన్న ట్యూబుల్లో లోహపు ట్యూబు మంచిది. నొక్కిన చోట నొక్కినట్టే ఉంటుంది. ప్లాస్టిక్ ట్యూబు వదిలేయగానే మళ్లీ ఉబ్బి, బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. కాబట్టి దాన్ని నొక్కిపట్టి, మెటీరియల్ మూతి దాకా వచ్చి ఉండగానే మూత బిగించాలి. తర్వాత టూత్‌పేస్టు చివర్లో మడిచినట్టు వెనక నుంచి మడిచి క్లిప్పు పెట్టండి.

అక్రిలిక్‌కు కొస మీద చిన్న తడిగుడ్డ ముక్క పెట్టి, పైన ఫాయిల్, టేపు చుట్టితే చాలు. దీనికి సిలికా జెల్ వేయకండి, ఉన్న తేమను అది లాగేస్తుంది.

పీయూ మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. ఫాయిల్ చుట్టిన 600 మిల్లీలీటర్ల సాసేజ్ ప్యాకు తెరిస్తే ఆ రోజే వాడేయాలి. మిగిలినదాని కోసిన మూతిని మెలిపెట్టి, టేపు చుట్టి, జిప్ కవర్లో పెడితే ఒకటి రెండు రోజులు ఆగవచ్చు. తేమ తగిలితే పీయూలోంచి కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, లోపల బుడగలు వస్తాయి. బుడగలున్న ముద్దను డాబా పగుళ్లలో నింపితే మళ్లీ కారుతుంది. దీన్ని ముట్టుకునేటప్పుడు గ్లౌజులు వేసుకోండి.

ఫెవిక్విక్ లాంటి జిగురు కూడా తేమతోనే గట్టిపడుతుంది. కొసను పొడి టిష్యూతో ఒత్తి, మూత బిగించి, నిలబెట్టి, సిలికా జెల్ ఉన్న చిన్న సీసాలో పెట్టండి. పీవీసీ పైపుల సాల్వెంట్ సంగతి వేరు, అందులోని ద్రావకం ఆవిరైపోతే చిక్కబడుతుంది. డబ్బా అంచు తుడిచి, మూత గట్టిగా బిగించి, పొయ్యికీ దేవుడి దీపానికీ దూరంగా పెట్టండి, అది మండుతుంది. మంట అంటే గుర్తొచ్చింది, సీలెంట్ ముక్కు కొసను లైటర్‌తో కాల్చి అతికించే అలవాటు కొందరికి ఉంది. అలా చేయకండి. ఎంసీల్ లాంటి రెండు ముద్దల రకానికి ఒకటే సూత్రం: రెండు ముద్దలూ వేరువేరు కవర్లలో ఉండాలి, ఒకదాన్ని తాకిన చేత్తో రెండోదాన్ని తాకకూడదు. కలిపేశాక మిగిలింది ఎలాగూ దాగదు.

చివరి పావువంతు

ఎంత బాగా కట్టినా, తెరిచి తెరిచి మూసిన ట్యూబు ప్రతిసారీ కొంత తేమ తింటుంది. నేను ఆరు నెలల తేదీ పెట్టుకున్నాను. ఆ తేదీ దగ్గర పడితే టైల్ ముక్క మీద పరీక్ష చేసి, బాగుంటే ఇల్లంతా తిరిగి మిగిలిందంతా వాడేస్తాను. కుళాయి గోడలోకి వెళ్లే చోట రింగు వెనక సందు, సింక్ అంచు, కేబుల్ వైరు వచ్చే కన్నం. ఏసీ రాగి పైపులున్న కన్నానికి మాత్రం న్యూట్రల్ రకమే వాడాలి, ఎసిటాక్సీ రాగిని తినేస్తుంది. ఇంకా మిగిలితే కుర్చీల కాళ్ల కింద చుక్కలు పెట్టి, తలకిందులుగా రెండు రోజులు గట్టిపడనిస్తాను. జరిపితే ఇక చప్పుడు రాదు. ట్యూబు అడుగున మిగిలింది పాత పేపరు మీదికి నొక్కేసి, గట్టిపడ్డాక పొడి చెత్తలో వేస్తాను. సింకులోకి మాత్రం ఎప్పుడూ కడగకండి, పైపులో నీటి తడికి అది అక్కడే రబ్బరైపోతుంది.